కల్వకుర్తి వానల లెక్క బంగాళాఖాతం అడుగున

వింతలు - విశేషాలు

కల్వకుర్తి నుంచి సూటిగా తూర్పుకు పటం మీద ఒక గీత గీయండి. ఆ గీత నాగార్జునసాగర్ పక్కనుంచి, విజయవాడకు కాస్త ఎగువగా, భీమవరం, అమలాపురం చుట్టుపక్కల మీదుగా పోయి కోనసీమ ఒడ్డున సముద్రంలో దిగుతుంది. ఇంకా ముందుకు పోనిస్తే, కల్వకుర్తికి సుమారు 450 కిలోమీటర్ల దూరంలో, దాదాపు అదే అక్షాంశం మీద ఒక చోటు వస్తుంది. అక్కడ నీటి లోతు 1,268 మీటర్లు. 2006లో ఆ నీటి అడుగున గొట్టం దించి మట్టిని తవ్వి తీశారు. దక్షిణ తెలంగాణ మెట్టల్లో గత పదకొండు వేల ఏళ్లలో కాలం ఎప్పుడు అయింది, ఎప్పుడు కాలేదు అని అడగాలంటే ఈరోజు మనకున్న గట్టి సాక్ష్యాల్లో ఒకటి ఆ మట్టిలో ఉంది. సాక్ష్యం చెప్పేవి కంటికి సరిగా ఆనని గుల్లలు.

మన దేశంలో వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దేశమంతటికీ కలిపి చెప్పుకునే వర్షపాతం లెక్కలు 1871 దాకా మాత్రమే వెనక్కి పోతాయి. అంటే మనం కొలిచిన వాన నూట యాభై ఏళ్లది. పాలమూరు నుంచి ఊళ్లకు ఊళ్లు వలసపోయిన కరువులు ఎన్నాళ్లకోసారి వస్తాయి, అవి మామూలువా అరుదైనవా అని తేల్చడానికి నూట యాభై ఏళ్లు చాలవు. ఆ లోటు తీర్చేవాటిలో ముఖ్యమైనవి సముద్రపు సూక్ష్మశిలాజాలు. వాటి గురించిన కొన్ని రికార్డులు, కొన్ని వింతలు ఇవి. వీలైనంతవరకు మన నేలకు దగ్గరివే ఏరాను.

వెతికింది గ్యాసును, దొరికింది వానలు

2006 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జాయిడెస్ రిజల్యూషన్ అనే అమెరికా డ్రిల్లింగ్ ఓడ మన తీరాల చుట్టూ తిరిగింది. భారత ప్రభుత్వం దాన్ని పిలిపించింది వానల కోసం కాదు. సముద్రం అడుగున మంచులా గడ్డకట్టి ఉండే మీథేన్, అంటే గ్యాస్ హైడ్రేట్ల కోసం. 21 చోట్ల 39 బోర్లు వేశారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని పదో నంబరు బోరులో 128 మీటర్ల మందాన హైడ్రేట్లున్న పొర దొరికింది. ప్రపంచంలో సముద్రం కింద దొరికిన బాగా చిక్కని హైడ్రేట్ నిల్వల్లో అదొకటి. ఆ రికార్డు పత్రికల్లోకి ఎక్కింది.

నా దృష్టిలో అంతకంటే పెద్ద విశేషం పదహారో నంబరుది. గోదావరి కలిసే చోటికి ఎదురుగా ఉన్న ఈ బోరులో పైపొరల మట్టి గత పదకొండు వేల ఏళ్లలో ఒకదానిమీద ఒకటిగా పేరుకున్నది. నడిసముద్రంలో వెయ్యేళ్లకు రెండు మూడు సెంటీమీటర్ల మట్టే చేరుతుంది. గోదావరి లాంటి నది ఎదుట అంతకు ఎన్నో రెట్లు చేరుతుంది. అందుకే ఇక్కడ శతాబ్దాల తేడాను కూడా పొరల్లో చదవొచ్చు. ఆ మట్టి తెచ్చింది గోదావరే, మన కృష్ణ కాదు. అయినా రెండు నదులకూ నీళ్లిచ్చేది ఒకే నైరుతి రుతుపవనం.

గుల్లకు వాన సంగతి ఎలా తెలిసింది?

ఫోరామినిఫెరా అనేవి ఒకే కణంతో బతికే జీవులు. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని తమచుట్టూ గదులు గదులుగా గుల్ల కట్టుకుంటాయి. నీటి పైభాగంలో తేలుతూ బతికే రకాలు యాభై దాకా ఉన్నాయి. అడుగున బతికే రకాలు వేలల్లో ఉన్నాయి. తేలే రకాల్లో బంగాళాఖాతానికి ముఖ్యమైనది గ్లోబిజెరినాయిడిస్ రూబర్. దీని గుల్ల గసగసాల గింజలో సగం కూడా ఉండదు. బతికేది కొన్ని వారాలు. ఎండ తగిలే పైనీటిలోనే ఉంటుంది కాబట్టి ఆ కొన్ని వారాల్లో పైనీరు ఎలా ఉందో దాని గుల్లకు ఎక్కుతుంది. చచ్చాక గుల్ల అడుగుకు చేరి మట్టిలో కలుస్తుంది.

ఎక్కేది ఏమిటి? నీటిలోని ఆక్సిజన్‌లో తేలిక రకం ఒకటి, బరువు రకం ఒకటి ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని ఆక్సిజన్-16, ఆక్సిజన్-18 అంటారు. సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు లేస్తుంది. మబ్బు భూమ్మీదికి వచ్చి కురిసేటప్పుడు బరువుది ముందు రాలుతుంది. అందుకే వాననీటిలో, నది నీటిలో బరువు ఆక్సిజన్ తక్కువ. వానలు బాగా పడి నదులు పొంగిన ఏడు ఆ తేలిక నీరు బంగాళాఖాతం మీద పరుచుకుంటుంది. ఆ నీటిలో కట్టిన గుల్లలో కూడా బరువు ఆక్సిజన్ తగ్గుతుంది. కాలం కాని ఏళ్లలో పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. నీటి వేడి మారినా ఈ పాళ్లు మారతాయి. దాన్ని విడదీయడానికి అదే గుల్లలో మెగ్నీషియం కొలుస్తారు. నీరు వేడెక్కేకొద్దీ గుల్లలోకి మెగ్నీషియం ఎక్కువ చేరుతుంది. వేడి ఎంతో ఇలా తెలుసుకుని ఆక్సిజన్ లెక్కలోంచి తీసేస్తే మిగిలేది ఉప్పదనం కథ. బంగాళాఖాతంలో ఉప్పదనం కథ అంటే చాలావరకు వాన, నదుల కథే.

ఈ పనిలో యంత్రాల కంటే మనుషుల ఓపిక ఎక్కువ. మట్టిని నీళ్లతో కడిగి, మిల్లీమీటరులో సుమారు పదహారో వంతు కన్నాలున్న జల్లెడలో జల్లిస్తారు. జల్లెడలో మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద పోసి, తడిపిన సన్నని కుంచె కొనతో కావలసిన జాతి గుల్లలను ఒక్కొక్కటిగా ఏరతారు. ఒక పొరకు కొన్ని పదుల గుల్లలు, ఒక బోరుకు వందల పొరలు. అవే గుల్లలు రేడియోకార్బన్ పద్ధతిలో తమ వయసు కూడా చెబుతాయి. సాక్షి చెప్పిన మాటకు తేదీ కూడా సాక్షే వేసిచ్చినట్టయింది.

నాలుగు వేల ఏళ్ల కిందటి ఎండు

పదహారో నంబరు బోరు మీద 2012లో అచ్చయిన పరిశోధన చెప్పింది ఇది: పదకొండు వేల ఏళ్ల నుంచి చూస్తే మొదటి సగం వానలు బలంగా ఉన్నాయి. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట మధ్య, దక్షిణ భారతం ఎండడం మొదలైంది. 1,700 ఏళ్ల కిందట ఇంకో మెట్టు దిగింది.

గుల్లలతో పాటు అదే మట్టిలో ఇంకో సాక్షి దొరికింది. ఆకుల మీద ఉండే మైనం. అది నది వెంట కొట్టుకుపోయి సముద్రం అడుగున కుళ్లకుండా నిలుస్తుంది. చెట్లు, వరి లాంటి మొక్కలు గాలిలోని కార్బన్‌ను ఒక తీరున పట్టుకుంటాయి. జొన్న, సజ్జ, వేడి నేలల గడ్డి ఇంకో తీరున పట్టుకుంటాయి. ఈ రెండో తీరు మొక్కలు తక్కువ నీటితో గట్టెక్కగలవు. మైనంలోని కార్బన్ చూస్తే ఎగువన ఏది ఎక్కువగా పెరిగిందో తెలుస్తుంది. నాలుగు వేల ఏళ్ల నుంచి ఆ మైనం రెండో రకం వైపు జరుగుతూ వచ్చింది. చల్క నేలల్లో జొన్న, సజ్జ వేసుకుని బతికిన మన పెద్దల తిండికి, సముద్రం అడుగున ఉన్న మైనానికి సంబంధం ఉందన్న సంగతి మొదట చదివినప్పుడు నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

ఆ కాలంలో ఇక్కడ మనుషులున్నారా? ఉన్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బ ఉంది. బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో అక్కడ తవ్వి, అది కొత్తరాతి యుగపు పశువుల కాపరుల దొడ్డి అని తేల్చాడు. తరతరాల పేడ కాలి పేరుకున్న బూడిద అది. దాని వయసు నాలుగు వేల ఏళ్లకు పైనే. వానలు తగ్గుతున్న మెట్టలో పశువులను నమ్ముకున్న బతుకు అది. సముద్రపు లెక్కను, ఈ దిబ్బను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే రెండింటికీ అర్థం నిండుతుంది. అయితే ఎండడం వల్లే వాళ్లు పశువులను పట్టుకున్నారని అనలేం. కాలాలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు.

ఈ బోరులోంచే 2017లో ఇంకో ఫలితం వచ్చింది. ఈ వ్యాసంలో అన్నిటికంటే వింత నాకు అదే. వాన తగ్గితే నదిలో మట్టి తగ్గాలి కదా. జరిగింది తలకిందులు. రుతుపవనం బలహీనపడ్డాక దక్కన్ నుంచి సముద్రానికి చేరే మట్టి పెరిగింది. వాన తగ్గితే నేలమీద పచ్చదనం పలచబడుతుంది. ఆ బోడినేల మీద పడిన నాలుగు వానలే మట్టిని కోసుకుపోతాయి. తర్వాత వ్యవసాయం వచ్చింది. ఇనుప యుగంలో అది విస్తరించింది. కోత ఇంకా పెరిగింది. పలచని వానల్లోనే నేల ఎక్కువ పోతుందన్న ఈ మాట కుంటలు, గట్లు, కందకాల పని చేసే ప్రతి ఊరికీ చేరాలి. దుందుభి వాగు ఒడ్డున వాటర్‌షెడ్ పనులకు వెళ్లే ఉపాధి కూలీ చేస్తున్నది నాలుగు వేల ఏళ్లుగా సాగుతున్న నష్టాన్ని ఆపే పని.

తొమ్మిది లక్షల ఏళ్ల రుతుపవనం

పదకొండు వేల ఏళ్లు పెద్ద లెక్కగా అనిపిస్తే, అదే ఓడ 2014 నవంబరు చివర సింగపూర్‌లో బయలుదేరి 2015 జనవరి దాకా చేసిన ఇంకో ప్రయాణం చూడాలి. ఈసారి వచ్చింది నేరుగా రుతుపవనం కోసమే. స్టీవెన్ క్లెమెన్స్, వోల్ఫ్‌గాంగ్ కూంట్ దానికి నాయకులు. ఒడిశా తీరానికి ఎదురుగా, మహానది బేసిన్‌లో యూ1446 అనే చోట తీసిన మట్టితో తొమ్మిది లక్షల ఏళ్ల వానల చరిత్రను 2021లో ప్రకటించారు. మన వానలకు సంబంధించి ఇంత వెనక్కి, ఇంత వివరంగా పోయిన లెక్కలు చాలా అరుదు.

అది చెప్పిన ముఖ్యమైన సంగతి: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, ధ్రువాల మంచు తగ్గి, దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తేమ ఎక్కువగా వచ్చినప్పుడల్లా రుతుపవనపు వాన పెరిగింది. కంప్యూటర్ నమూనాలు రాబోయే కాలానికి చెబుతున్న దిశ కూడా ఇదే. వాన పెరగడం అంటే మనకు మేలని కాదు. ఎప్పుడు, ఎంతసేపట్లో కురుస్తుందన్నది వేరే ప్రశ్న. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణ, తుంగభద్ర పొంగి కర్నూలును, అలంపురం చుట్టుపక్కల ఊళ్లను ముంచిన సంగతి పాలమూరు వాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు.

అతి పొడవైన లావాకు అతి చిన్న సాక్షులు

భూమి మీద అతి పొడవైన లావా ప్రవాహం ఏది? ఆ పేరుకు పోటీలో ముందున్నది మన రాజమండ్రి. పశ్చిమ కనుమల్లో పుట్టిన దక్కన్ లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి, పాత నదీ లోయల వెంట ఇప్పటి గోదావరి తీరం దాకా వచ్చిందని, రాజమండ్రి రాయికీ మహాబలేశ్వరం వైపు రాయికీ రసాయన పోలికలు చూసి 2008లో తేల్చారు. దక్కన్ లావా పొరల తూర్పు అంచు మనకు వికారాబాద్ అనంతగిరి కొండల్లో కనిపిస్తుంది. అక్కడినుంచి రాజమండ్రి దాకా మధ్యలో ఆ లావా రాతి జాడ లేదు. కల్వకుర్తి కూర్చున్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద.

రాజమండ్రి చుట్టూ కాతేరు, గౌరీపట్నం క్వారీల్లో కింద ఒక లావా, పైన ఒక లావా, రెండింటి నడుమ సముద్రంలో ఏర్పడిన సున్నపురాయి పొర ఉన్నాయి. కింది లావా ఎప్పుడు ఆగింది? డైనోసార్లు అంతరించిన కాలానికీ దానికీ సంబంధం ఏమిటి? ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, మన దేశానికి చెందిన సునీల్ బాజ్‌పాయ్ మరికొందరితో కలిసి ఆ నడిపొరలో ఫోరామినిఫెరాను వెతికారు. దొరికినవి 6.6 కోట్ల ఏళ్ల నాటి మహావినాశనం తర్వాత, తొలి కొన్ని లక్షల ఏళ్లలోనే బతికిన చిన్నచిన్న జాతులు. అంతకుముందు పెద్దగా, నగిషీలతో ఉన్న జాతులు దాదాపు అన్నీ పోయాక మిగిలిన కొత్త కాపులు ఇవి. అంటే కింది లావా పారి ఆగింది ఆ వినాశనపు అంచునే. 2008లో వాళ్లు ప్రకటించిన ఈ ఫలితం ఉల్కాపాతమా, అగ్నిపర్వతాలా అన్న పాత వాదాన్ని మళ్లీ రగిలించింది. ఆ వాదం ఇంకా తెగలేదు. తర్వాత ఓఎన్‌జీసీ తవ్విన లోతు బావుల్లోనూ ఇదే లావాను, ఇవే శిలాజాలను వెతికారు. చమురు బావుల వాళ్లకు ఫోరామినిఫెరా కొత్త కాదు. బోరు ఏ కాలపు పొరలో ఉందో చెప్పడానికి దశాబ్దాలుగా వాడుతున్నదే.

వాల్తేరు పేరు సముద్రం అడుగున

గుల్లల సంగతి కాకపోయినా, ఇదే సముద్రపు అడుగున ఇంకో విశేషం ఉంది. మన తూర్పు తీరానికి ఎదురుగా సముద్రపు వాలులో లోతైన లోయలున్నాయి. అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1964లో వాటిలో మూడింటిని వర్ణించాడు: ఆంధ్ర, కృష్ణ, మహదేవన్. మూడో పేరు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర శాఖను నిలబెట్టిన ప్రొఫెసర్ సి. మహదేవన్‌ది. లాఫాండ్ 1950లలో వాల్తేరు వచ్చి, మహదేవన్ అండతో నౌకాదళపు ఓడలెక్కి తీరాన్ని కొలిచినవాడు. సముద్రపు అడుగు లోయకు ఒక తెలుగునాటి విశ్వవిద్యాలయపు ఆచార్యుడి పేరుండడం నేను మామూలు గౌరవంగా తీసుకోను.

నల్లగొండ సముద్రంలో గుల్లలుండవు

మన మెట్టలకు సముద్రం రానేలేదనుకోవద్దు. వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి ఒకప్పటి సముద్రంలో ఏర్పడ్డదే. కాని ఆ రాయిని ఎంత వెతికినా ఫోరామినిఫెరా దొరకదు. గుల్ల కట్టుకునే జీవులు పుట్టకముందటి సముద్రం అది. దాని వాతావరణం తెలుసుకోవడానికి వేరే దారులు వెతకాలి. సున్నపురాయి అనగానే గవ్వల రాయి అనుకునే పిల్లలకు పాఠశాలలో ఈ సంగతి చెప్పాలి.

మరికొన్ని, త్వరగా

ఫోరామినిఫెరాలో అతి లోతున బతుకుతున్నవి పసిఫిక్‌లోని చాలెంజర్ డీప్‌లో, దాదాపు పదకొండు కిలోమీటర్ల అడుగున ఉన్నాయి. ఆ లోతులో సున్నం కరిగిపోతుంది. అందుకే వాటికి మెత్తటి గోడలే ఉన్నాయి. జపాన్ పరిశోధకులు 2005లో ఈ సంగతి ప్రకటించారు.

అతి పెద్దవి జెనోఫయోఫోర్లు. ఒకే కణపు జీవి కట్టుకున్న ఇల్లు ఇరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

గీజా పిరమిడ్ల రాళ్ల నిండా నాణేల్లాంటి నమ్యులైట్లు ఉన్నాయి. అవీ ఫోరామినిఫెరాయే. పిరమిడ్ కట్టిన కూలీలు తిని వదిలేసిన పప్పు రాయిగా మారిందని అక్కడివాళ్లు చెప్పుకునేవారట. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఆ మాట రాసిపెట్టాడు.

మన రూబర్ గుల్లల్లో తెల్లవి, గులాబీ రంగువి అని రెండు రకాలున్నాయి. గులాబీ రకం సుమారు 1,20,000 ఏళ్ల కిందట హిందూ, పసిఫిక్ మహాసముద్రాల నుంచి మాయమైంది. అట్లాంటిక్‌లో మాత్రం ఇప్పటికీ ఉంది. బంగాళాఖాతపు మట్టిలో గులాబీ గుల్ల కనిపించిందంటే ఆ పొర వయసు 1,20,000 ఏళ్లకు తక్కువ కాదన్నమాట.

మంచుయుగాలకు లయ ఇచ్చేది భూమి కక్ష్యలోని మార్పులేనని రుజువు చేసింది మన హిందూ మహాసముద్రమే. దాని దక్షిణ కొసన తీసిన రెండు మట్టి కడ్డీల్లో 4,50,000 ఏళ్ల చరిత్ర చదివి హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ 1976లో లక్ష, 42 వేలు, 23 వేల ఏళ్ల చక్రాలను చూపారు. వాళ్ల సాక్షుల్లో ఫోరామినిఫెరాతో పాటు గాజు లాంటి సిలికాతో గుల్ల కట్టే రేడియోలేరియా కూడా ఉంది.

అతి పొడవైన అవిచ్ఛిన్న లెక్క 2020లో వచ్చింది. లోతు సముద్రపు ఫోరామినిఫెరాతో 6.6 కోట్ల ఏళ్ల భూతాపాన్ని ఒక్క గీతగా గీశారు. ఆ గీతలో 5.6 కోట్ల ఏళ్ల కిందట ఒక ముల్లులా లేచిన వేడి కనిపిస్తుంది. అప్పుడు భూమి ఐదు డిగ్రీలకు పైగా వేడెక్కింది. సముద్రం అడుగున బతికే ఫోరామినిఫెరా జాతుల్లో మూడో వంతు నుంచి సగం దాకా పోయాయి. అయినా అప్పటి గాలిలోకి కార్బన్ చేరిన వేగం ఇప్పుడు మనం చేరుస్తున్న వేగం కంటే తక్కువే.

ఇక ముందు

రేపటి శాస్త్రజ్ఞుడికి మన కాలపు పొర చదవడం కొంచెం కష్టమే. శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక కృష్ణ తెచ్చే మట్టి చాలావరకు జలాశయాల అడుగునే ఆగిపోతోంది. కల్వకుర్తి ఎత్తిపోతలకు నీళ్లిచ్చే శ్రీశైలం వెనకజలాలు అదే మట్టితో పూడుతున్నాయి. సముద్రం ఎదుట పొర పలచబడుతోంది. పైగా రెండు ప్రయాణాలు చేసి మనకింత చెప్పిన జాయిడెస్ రిజల్యూషన్ 2024లో పని ఆపేసింది. దానికి బదులు అమెరికా ఇంకో ఓడను ఇంకా దింపలేదనే బాధ ఈ రంగంలో ఉన్న చాలామందిది. మన దేశానికి ఇంత పొడవైన తీరం ఉంది, ఇంతమంది వానాధార రైతులు ఉన్నారు. ఆ పనిని మన ఓడలతో మనమే ముందుకు తీసుకుపోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇప్పటికే తీసిన మట్టి మాత్రం భద్రంగా ఉంది. 2014-15 ప్రయాణం లాంటి అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్ కార్యక్రమాల్లో హిందూ మహాసముద్రంలో తీసిన కడ్డీలను జపాన్‌లోని కోచి నగరంలో చల్లని గదుల్లో దాచారు. ప్రతి కడ్డీనీ నిలువుగా రెండుగా చీలుస్తారు. ఒక సగం పరిశోధనకు, ఒక సగం దాపుకు. పరిశోధన సగంలోంచి కొన్ని గ్రాముల మట్టి కావాలని ఏ దేశపు పరిశోధకులైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉస్మానియాలోనో, పాలమూరు విశ్వవిద్యాలయంలోనో చదివే విద్యార్థికి కూడా ఆ అవకాశం ఉంది.